రెండోసారి చూడకూడదు

మార్చి 4

ఈరోజు అమ్మ స్టూలు మీద కూర్చున్నాను. దానికి ఒక కాలు పొట్టి. ఇన్నేళ్ళూ అమ్మ ఆ కాలు కింద అట్టముక్క మడిచి పెట్టుకునేదట. ఆ అట్టముక్క కూడా తీసి పారేశారు. మనిషిని పంపించేస్తే చాలలేదు, అట్టముక్క మీద కూడా కసి తీర్చుకున్నారు.

"మీ అమ్మ మొహం చూసి నిన్ను తీసుకున్నాను," అన్నాడు కోళ్ళ ఫారం సారు.

అమ్మ మొహం చూసి! ఆ మొహానికి గుడ్డిది అని ముద్ర వేసి పంపింది ఎవరు? అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు చేతకాని పని. అందుకే వచ్చే దారిలో ఈ డైరీ కొన్నాను. ఇందులో అయినా నా నోటికి అడ్డు ఉండదు.

పని అంటారా, పసిపిల్లలకి కూడా వస్తుంది. అప్పుడే పొదిగిన కోడిపిల్లలు ట్రేలలో వస్తాయి. ఎర్రవి పెట్టలు. ఎడమ చేతి పక్క అట్టపెట్టెలోకి. పసుపువి పుంజులు. కుడి చేతి పక్క డ్రమ్ములోకి. పుంజు గుడ్డు పెట్టదు, దాన్ని కూర్చోబెట్టి మేపేవాడు లేడు. డ్రమ్ము నిండాక మూత వేసి గ్యాసు తిప్పుతారు. కాసేపు అరుస్తాయి. తర్వాత అరవవు.

నాకు పలకా బలపం రాకముందే అమ్మ ఇది నేర్పింది. తండ్రి ఎరుపు కూతుళ్ళకి, తల్లి తెలుపు కొడుకులకి. షెడ్డులో ఎర్ర పుంజుల్ని తెల్ల పెట్టల మధ్య వదులుతారు. కూతుళ్ళు ఎర్రగా పుడతాయి. కొడుకులు పసుపుగా పుట్టి, పెరిగాక తెల్లబడతాయి. అంతే. సారు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాడు కూడా, 'రంగు తప్పదు' అని.

మరి అమ్మ పంపిన పెట్టెల్లో సగం పిల్లలు పెద్దయ్యాక కూయడం మొదలుపెట్టాయి. రంగు తప్పకపోతే ఇంకేం తప్పినట్టు? "నా కళ్ళే," అని అమ్మే ఒప్పేసుకుని వచ్చేసింది. కనీసం పోట్లాడలేదు.

నా ఎదురు స్టూలు మీద కూర్చునే ఆవిడని అందరం పిన్ని అంటాం. అమ్మతో కలిసి పనిచేసిన మనిషి. చేతులు ఆపకుండానే నాకు ఒక్క మాట చెప్పింది.

"పిల్లని ఒక్క చూపే చూడాలి. రెండోసారి చూడకూడదు."

"చూస్తే ఏమవుతుంది?"

"ఇంటికొచ్చి అరుస్తాయి."

పళ్ళికిలించింది. నేనూ నవ్వాను. తర్వాత చూస్తే పిన్ని నవ్వడం లేదు.

మార్చి 5

నాకేం వినబడలేదు.

మార్చి 9

అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. పని పోయిన రోజు నుంచి అమ్మ కళ్ళు తెరవడం లేదు. కొట్టు మూసేసినట్టు మూసేసింది. అబద్ధాలు చెప్పే కళ్ళని తెరిచి ఉంచడం దేనికట.

డాక్టరు రెప్పలు వేళ్ళతో పైకెత్తి లైటు వేసి చూశాడు. "నిక్షేపంలాంటి కళ్ళు. ఇప్పుడిచ్చినా సూదిలో దారం ఎక్కిస్తారు మీరు."

"డాక్టరుగారు సూదులే చూశారు. కోడిపిల్లల్ని చూడలేదు," అంది అమ్మ, నాతో కాదు, గోడతో.

దారంతా నా మోచెయ్యి పట్టుకుని నడిచింది. రోడ్డు దాటే చోట నాకంటే ముందు ఆగింది. బస్సు ఆ తర్వాత వచ్చింది.

నాకు కావలసింది ఒక్కటే. అమ్మ కళ్ళు తెరవాలి. ఇంకేమీ వద్దు. ఆ సారు చచ్చినా బతికినా నాకు అక్కర్లేదు. (ఆఖరి మాట అబద్ధం.)

మార్చి 17

రెండోసారి చూశాను.

కావాలని కాదు. కుడి చేతిలో ఉంది, పసుపుది. డ్రమ్ము మీదికి చెయ్యి వెళ్ళింది. అది నా అరచేతిలో లేచి నిలబడి తల ఎత్తింది. అంతే. కోటు జేబులో వేసుకున్నాను. పిన్ని చూసింది. తన ట్రే తను లాక్కుంది.

అమ్మ కోసమే తెచ్చాను. ముద్దుగా ఉన్నదేదైనా చేతిలో పెడితే చూడాలనిపించదా?

"ఏం తెచ్చానో చూడమ్మా."

రెండు అరచేతులూ చాచింది. కళ్ళు మాత్రం తెరవలేదు. పిల్లని బోర్లించింది, వెల్లకిలా తిప్పింది, చెవి దగ్గర పెట్టుకుంది.

"పెట్ట," అంది.

"పసుపమ్మా. పచ్చి పసుపు. పుంజు."

"పసుపా?" వేళ్ళతో ఇంకోసారి తడిమింది. "అయితే నా చేతులు కూడా పోయాయి."

నా ఖర్మ. కళ్ళు తెరిపిద్దామని తెస్తే చేతులు కూడా ముడుచుకుని కూర్చునేలా ఉంది. పుంజుకి దొర అని పేరు పెట్టాను. డ్రమ్ములోకి పోకుండా బయటపడ్డాడు, దొర కాక ఇంకేమిటి? అమ్మ మాత్రం దొరసానీ అనే పిలుస్తోంది. పిలవనీ. పిలవడానికి ఒకటి దొరికింది కదా.

మార్చి 30

పని నుంచి వచ్చేసరికి అమ్మ నేల మీద కూర్చుని గుండీల డబ్బా ముందేసుకుంది. పాత చొక్కాల నుంచి కోసి దాచిన గుండీలు. ఒక్కోటి తీసి వేళ్ళతో తడిమి ఎడమపక్క, కుడిపక్క వేస్తోంది. చేతులు పని హాల్లో ఆడినట్టే ఆడుతున్నాయి. ఆగడం లేదు.

"ఏం చేస్తున్నావే?"

"ఇవి ఉండేవి. అవి పోయేవి."

వంగి చూశాను. రెండు కుప్పల్లోనూ ఉన్నవి ఒకటే రకం. నాలుగు కన్నాల తెల్ల గుండీలు.

టీ పెడతానని లేచి వంటగదిలోకి వెళ్ళాను. పెట్టలేదు. గట్టు పట్టుకుని నిలబడ్డాను. వెనకాల గుండీ మీద గుండీ పడుతున్న చప్పుడు.

ఏప్రిల్ 6

పిల్లలు గుడ్డులో ఉండగానే అరుస్తాయి. పెంకు పగలక ముందే. గుడ్లు పొదిగే మిషను గది తలుపు దగ్గర నిలబడితే ఎవరికైనా వినిపిస్తుంది. ఆ చప్పుడు చెవిలో పట్టుకుని ఇంటిదాకా రావడంలో వింతేముంది? రేడియో పాట ఉండిపోదూ, అలాగే.

కాబట్టి నాకేం వినబడలేదు.

మే 13

ఈరోజు జరిగింది రాయకపోతే నిద్ర పట్టదు.

మా పిల్లల్ని కొన్న ఆసామి పొద్దున్నే వచ్చి రెండు గంపలు హాలు మధ్యలో బోర్లించాడు. పుంజులు. ఎర్ర పుంజులు. ఇంకా లేత వయసే, కానీ నెత్తి మీద తురాయిలు మిరపపళ్ళలా లేచాయి. ట్రేల మధ్య తిరుగుతున్నాయి, పెద్దమనుషులు తనిఖీకి వచ్చినట్టు. ఒకటి నా స్టూలు ఎక్కి గొంతు చించుకుని కూసింది. సరిగా రాని కూత. ముసలివాడు దగ్గినట్టుంది.

అవి వెళ్ళిన పెట్టెల మీద నా గుర్తే ఉంది. అమ్మది కాదు. నాది.

"నేను వేసినవన్నీ ఎర్రవే," అన్నాను.

"ఇవీ ఎర్రవేగా తల్లీ! ఎర్రగా ఉండి కూస్తున్నాయి. గుడ్లు నువ్వు పెడతావా?" అన్నాడు ఆసామి. నలుగురూ నవ్వారు.

సారు ఆయన్ని గదిలో కూర్చోబెట్టి వచ్చి, రెండు గుడ్డపేలికలు నా మొహం ముందు పట్టుకున్నాడు. అందరి ముందే.

"ఇదేం రంగు?"

"ఎరుపు."

"ఇది?"

"పసుపు. మీ చొక్కా నీలం, మీ జుట్టుకి వేసిన రంగు నలుపు. ఇంకేమైనా చెప్పాలా?"

పిన్ని నా కాలు తొక్కింది. సారు మొహం మాడింది. "కళ్ళు బాగానే ఉన్నాయి. అంటే చూపు తప్పు కాదు, బుద్ధి తప్పు. మీ అమ్మకి అది, నీకు ఇది. ఇంకొక్కసారి జరిగితే నువ్వూ ఇంట్లో కూర్చుందువుగాని, ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోండి."

కొట్టేదాన్నే. చేతిలో పిల్ల ఉంది. పసుపుది. దాన్ని ఏం చేశానో రాయను.

ఇంటికొచ్చి కిటికీ దగ్గర అమ్మ ఎర్ర శాలువా పట్టుకుని చాలాసేపు చూశాను. ఎరుపే.

మే 27

దొర బాగా పెరుగుతున్నాడు. తెల్లగా మల్లెపువ్వులా ఉన్నాడు. తురాయి ఇంకా రాలేదు. రెండు గదుల్లో పెరిగే పుంజుకి ఎండ ఎక్కడిది? బక్క ప్రాణం.

జూన్ 15

అమ్మ ఇప్పుడు ఇంట్లో గోడలు పట్టుకోకుండా తిరుగుతోంది. కళ్ళు మూసుకునే. స్టవ్ వెలిగిస్తుంది, కుర్చీ తప్పుకుంటుంది, దొర నీళ్ళగిన్నె దాటుతుంది. నాకే తగులుతోంది ఆ గిన్నె.

"పిన్ని వస్తోంది, తలుపు తియ్యి," అంటుంది. తీస్తే వీధి ఖాళీ. టీ గ్లాసు కడిగేలోపు పిన్ని మలుపు తిరుగుతుంది.

ఇవాళ నా మొహం తడిమింది. నుదురు, ముక్కు, గడ్డం. రెండు చేతుల్లో పట్టుకుని కొంచెం పైకెత్తింది. పిల్లని ఎత్తినట్టు.

"నిన్నెటు వెయ్యాలో తెలియట్లేదే," అంది.

చేతులు విదిలించుకుని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎదురింటివాళ్ళు దుప్పట్లు ఆరేస్తున్నారు. ఒకటి ఎర్రది, ఒకటి పసుపుది. లేచి లోపలికి వచ్చేశాను.

జూలై 11

దొర కూయడం లేదు. ఈ వయసుకి కూయాలి. మూగవాడేమో. గ్యాసు వాసన తగిలిన పిల్లకి గొంతు పోతుందని ఎవరో అన్నారు. ఎవరూ అనలేదు, నాకే తోచింది. కానీ పోయి ఉండవచ్చు.

జూలై 29

వీపు మీద చెయ్యి వేస్తే చాలు, రెక్కలు కొంచెం విడదీసి చతికిలబడుతున్నాడు. పిరికి పుంజు. వీడికి దొర అని పేరు పెట్టడం నాదే తప్పు.

అమ్మ సింకు కింద అట్టపెట్టెలో తన ఎర్ర శాలువా మడతపెట్టి ఉంచింది.

"ఎందుకే?"

"దొరసానికి చోటు కావాలి కదా."

"పుంజమ్మా అది! ఎన్నిసార్లు చెప్పాలి? పుంజు! పుంజు! నువ్వు చూడవు, చెబితే వినవు!"

అరిచాను. పక్కింటి తలుపు తెరుచుకుని మూసుకుంది. అమ్మ శాలువా అంచులు లోపలికి సర్దింది.

ఎందుకంత అరిచానో నాకు తెలుసు. తెలియదు.

ఆగస్టు 8

నాకేం వినబడలేదు. నీళ్ళ పైపు.

ఆగస్టు 21

పళ్ళు తోముకుంటుంటే అమ్మ వచ్చి నా చెయ్యి లాగి అరచేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది. చిన్నది. పెంకు మీద సన్నటి రక్తపు గీత.

సింకు కింద నుంచి దొర గొంతెత్తి అరిచింది. కూత కాదు. గుడ్డు పెట్టిన కోడి అరుపు. పుట్టినప్పటి నుంచీ వింటున్న అరుపు. నురగ మింగేశాను.

"పెట్ట అన్నానా లేదా?" అంది అమ్మ. మొహంలో చిన్న వెలుగు. అంతలోనే ఆరిపోయింది. కళ్ళు మూసుకునే ఉంది. నా చెంప నిమిరింది. "నీ కళ్ళు కూడా పోయాయా తల్లీ? ఎర్రదాన్ని పట్టుకుని పసుపన్నావు. మన ఇంట్లోనే ఉందేమో ఈ జబ్బు."

"పసుపే అమ్మా. ఒట్టు. ఇప్పుడు తెల్లగా ఉంది."

"అవునవును," అంది. జ్వరంలో ఉన్నవాళ్ళతో అన్నట్టు.

ఆగస్టు 22

హాల్లో వాళ్ళు షెడ్డులోకి పోకూడదు. రోగాలు అంటుతాయని. పోయాను. బూట్లు మందునీళ్ళలో ముంచి మరీ పోయాను, నేనేం పశువుని కాదు.

షెడ్డు బాబాయ్ గింజలు పోస్తున్నాడు. కోళ్ళని చూసుకునేది ఆయనే. చూశాను. తలుపు దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. ఎర్ర పుంజులూ తెల్ల పెట్టలూ ఉండవలసిన చోట ఎర్ర పెట్టలు. వాటి మధ్య తెల్ల పుంజులు నిదానంగా నడుస్తున్నాయి.

"బాబాయ్, ఇవెక్కడివి?"

"ఎక్కడివేంటే, మనవే! పాతవి ముసలివైపోయాయి. మళ్ళీ అదే జాతి కోళ్ళు తెప్పించమంటే సారు మన పిల్లల్నే పెంచమన్నాడు. ఎర్ర పెట్టలు మీ పెట్టెల్లోంచి తీసినవి. ఈ పుంజులు మీ డ్రమ్ములో పడకుండా ఏరుకొచ్చినవి. దిట్టంగా లేవూ?"

"ఎప్పటి నుంచి?"

"మీ అమ్మకి చూపు తగ్గకముందు నుంచి."

ఆ మాట అని ఆయనే గింజల చేట పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

తల్లి తెల్లగా ఉంటేనే ఆ తెలుపు కొడుక్కి. తండ్రి ఎర్రగా ఉంటేనే ఆ ఎరుపు కూతురికి. ఇక్కడ తల్లులు ఎర్రవి, తండ్రులు తెల్లవి, ఎర్ర తండ్రికీ తెల్ల తల్లికీ పుట్టిన ఆ పుంజుల లోపల రెండు రంగులూ ఉన్నాయి. ఇంక పిల్ల ఎర్రగా పుట్టినా పసుపుగా పుట్టినా దానికి అర్థం లేదు. ఎరుపులో సగం పుంజులు. పసుపులో సగం పెట్టలు. అమ్మ వేసినవి, నేను వేసినవి, అన్నీ గుండీలే.

బాబాయ్ మెల్లగా అన్నాడు. "కోడి కోడే కదా అనుకున్నామే."

నేరుగా సారు గదికి పోయాను. తలుపు కొట్టలేదు. చెప్పాల్సింది చెప్పాను. ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. పోలేదు. లేచి తలుపు వేసి వచ్చాడు.

"తెలుసు. తర్వాత తెలిసింది. కొత్త కోళ్ళు వచ్చేదాకా నడిపించాలి."

"అయితే మా ఇంటికి రండి. అమ్మతో ఒక్క మాట చెప్పండి. నీ కళ్ళు తప్పు కాదమ్మా అని. అంతే. ఇంకేం అడగను."

"నాలుగు రోజుల్లో ఊరంతా తెలుస్తుంది."

"తెలిస్తే తెలియనివ్వండి!"

"మీ అమ్మ కళ్ళు తప్పయితే ఒక్క స్టూలు ఖాళీ అవుతుంది. కోళ్ళు తప్పయితే గేటుకి తాళం పడుతుంది. లోపల మీ పిన్ని ఉంది, షెడ్డువాడు ఉన్నాడు, నువ్వున్నావు. నువ్వే చెప్పు, ఏది తప్పు చేద్దాం?"

నేను వెళ్ళి స్టూలు మీద కూర్చుని, ఎర్రవి ఎడమకి, పసుపువి కుడికి, ట్రేలు అయిపోయేదాకా వేశాను.

ఆగస్టు 23

అమ్మకి చెప్పాను. ముందు నమ్మలేదు. దొరని ఒళ్ళో పెట్టి, షెడ్డు సంగతి మొదటి నుంచి చెప్పాను. తండ్రి ఎరుపు కూతుళ్ళకి అన్నప్పుడు పెదవులు కదిలాయి. నాకు నేర్పిన పాఠమే తిరిగి అప్పజెబుతున్నాను కదా. తల్లులు ఎర్రవి అన్నాక పెదవులు ఆగాయి.

"ఎర్రవా?"

"ఎర్రవి. నేను చూశాను."

అమ్మ కళ్ళు తెరిచింది.

రెప్పలు అంటుకుపోయి, నీళ్ళు కారి, మళ్ళీ తెరిచింది. ఒళ్ళో ఉన్నదాన్ని చూసింది. తెల్లటి పెట్ట. చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. "చిక్కిపోయావే," అంది. అంతే, నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళ కోపం అంతా ముక్కులోంచి కారింది. అమ్మ కొంగుతో తుడిచింది. గెలిచాను అనుకున్నాను. డైరీలో పెద్ద అక్షరాలతో రాద్దామనుకున్నాను.

అప్పుడు అడిగింది.

"మరి డ్రమ్ములోవి?"

నేను దొర ఈకలు సర్దాను.

"పుంజులు కదా, ఎటూ బతకవు కదా అని వేశాను. ఒక్క చూపు చూసి వేశాను. వాటిలో పెట్టలు ఉన్నాయా?"

"సగం."

అమ్మ మళ్ళీ కళ్ళు మూసుకుంటుందని భయపడ్డాను. మూసుకోలేదు. తెరిచే ఉంది. గుండీల కుప్పలు రెండూ కలిపి డబ్బాలో పోసి మూత పెట్టింది. తర్వాత కూర్చుని ఆ మూతనే చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు. టీ ఇస్తే తాగింది, చూపు తిప్పకుండా.

నాకు కావలసింది అడిగాను, వచ్చింది.

ఆగస్టు 24

ఈరోజు ట్రేలు వచ్చాక కళ్ళు మూసుకున్నాను.

చెయ్యి అలవాటుగా పోయింది. పిల్లని ఎత్తడం, పెట్టెలో దించడం. కుడి చేతిని డ్రమ్ము వైపు పోనివ్వలేదు. పక్కన ఏ రంగు పడుతోందో చూడలేదు. రంగు చూసి మాత్రం ఏం తెలుస్తోంది? కళ్ళు మూస్తే అవి ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"ఏయ్, ఏం చేస్తున్నావే? ఎర్రవీ పసుపువీ కలిసిపోతున్నాయి. కళ్ళు తెరువు," అంది పిన్ని గుసగుసగా.

"తెరిచి ఏం చెయ్యను పిన్నీ?" షెడ్డు సంగతి చెప్పాను. అమ్మ కళ్ళ సంగతి చెప్పాను. రెండు ముక్కల్లోనే. చేతులు ఆపలేదు.

ఎదురుగా పిన్ని ట్రే లాక్కున్న చప్పుడు. పిల్ల పెట్టెలో పడింది. ఇంకొకటి. ఇంకొకటి. డ్రమ్ములో పడిన చప్పుడు మాత్రం రాలేదు. కళ్ళు తెరిచి చూశాను. పిన్ని కళ్ళు మూసుకుని ఉంది. చెంపలు తడిసి ఉన్నాయి. చేతులు మాత్రం పరుగెడుతున్నాయి.

పెట్టెలకి మూతలు వేసి మేమే వ్యాను ఎక్కించాం. ప్రతి మూత మీదా రాశాను: 'రంగు చూసి ఏరినవి కాదు. పుంజులు ఎన్నో పెట్టలు ఎన్నో మాకు తెలియదు.' రేపు వాటిని ఎవరు తెరుస్తారో, ఎవరు తిరిగొస్తారో, గేటుకి ఏం వేలాడుతుందో రేపే చూడాలి. పిన్ని కూడా అడగలేదు.

మిషను గది కడిగి ఆరబెట్టి ఉంది. ఈ విడత అయిపోయింది, ఒక్క గుడ్డు లేదు. నీళ్ళ పంపు కట్టేశారు. డ్రమ్ము మూత తెరిచే ఉంది, అడుగు మెరుస్తోంది. నేనూ పిన్నీ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాం.

ముందు పిన్నికే వినబడింది. తల తిప్పి డ్రమ్ము వైపు చూసింది. తర్వాత నా వైపు.

"నీకూ?" అంది.

అవును. మొదటి రోజు నుంచీ.